గుక్క పట్టిన బండి

మైలవరం ప్రయాణమంటే ఆండాళమ్మ ముందుగా సర్దేది తడిగుడ్డ. పెరుగన్నం గిన్నె, కుంకుడుకాయల పొట్లం, అక్క మోకాళ్ళకు రాసే నూనె సీసా, ఇవన్నీ ఆ తర్వాత. పాత పంచె ముక్క నాలుగు మడతలు వేసి, ప్లాస్టిక్ డబ్బాలో నీళ్ళు పోసి నానబెట్టి, మూత బిగించి కాళ్ళ దగ్గర పెట్టుకోవాలి. దారిలో అంబాసిడర్ ఆగుతుంది. ఆగినప్పుడు కుటుంబరావు బానెట్ ఎత్తి పెట్రోలు పంపు మీద ఆ గుడ్డ వేస్తాడు. పంపు వేడెక్కింది, చల్లబడాలి అంటాడు. గుడ్డ మర్చిపోతే ఆ తప్పు ఆమెది. బండి ఆగితే ఆ తప్పూ ఆమెదే.

"నువ్వెక్కితేనే ఆగుద్దే ఇది. రోజూ కొట్టుకి పోయొస్తన్నా, మార్కెట్ యార్డుకి పోయొస్తన్నా. ఒక్కనాడు ఆగిందా? మా అమ్మ ఊరికే అందా?"

వాళ్ళమ్మ అన్న మాటకు ముప్పై ఎనిమిదేళ్ళు. పెళ్ళయిన నెలలోనే మామగారు ఈ బండి కొన్నారు. కొత్త కోడల్ని ఎక్కించుకుని వస్తుంటే జగ్గయ్యపేట ఇంకా కనపడకముందే టైరులో మేకు దిగింది. గంట ఆలస్యమైంది. గుమ్మంలో హారతి పళ్ళెం పట్టుకుని నిలబడ్డ అత్తగారు, "ఇంట్లో కాలు పెట్టకముందే బండి ఆపిందమ్మా మహాతల్లి" అంది. చుట్టాలు నవ్వారు. ఆండాళమ్మ కూడా నవ్వింది, నవ్వకపోతే బాగుండదని. మేకు సంగతి తర్వాత ఎవరికీ గుర్తులేదు. కాలు సంగతి మిగిలింది. పాలు విరిగినా, సరుకు ధర పడిపోయినా, ఇంట్లో ఎవరో ఒకరు ఆమె పాదాల వంక చూసేవారు. అత్తగారు పోయి పదకొండేళ్ళయింది. మూడేళ్ళ కిందట బండి దారిలో ఆగటం మొదలయ్యేసరికి ఆ మాట మళ్ళీ లేచి కూర్చుంది.

కొట్టు కుటుంబరావుది. పేట మెయిన్ రోడ్డులో కిరాణా. కొట్లో గల్లా ముందు కూర్చునేది ఆయన. కందిపప్పులో రాళ్ళు ఏరేది, చింతపండు గింజ తీసేది, పావుకిలో పొట్లాలు కట్టేది, నూనె డబ్బాలు చిన్న క్యాన్లలోకి వంచేది ఇంటి వెనక వసారాలో ఆండాళమ్మ. పొద్దున వంట అయిన దగ్గర్నుంచి దీపాల వేళ దాకా. అది పని అని ఎవరూ అనలేదు. ఇంటికి వచ్చినవాళ్ళు అడిగితే, "ఊరికే కూర్చోలేదండీ మా ఆవిడ, ఏదో ఒకటి కెలుకుతా ఉంటది" అని కుటుంబరావు మురిసిపోతూ చెప్పేవాడు. చెడ్డవాడు కాదు. చెయ్యి ఎత్తలేదు, తాగలేదు, నెలకోసారి ఆమెను మైలవరం తీసుకుపోతాడు. ఆ ఒక్కదానికి ఆమె ఆయన్ని చాలావాటికి క్షమించింది.

మైలవరంలో ఉండేది సుభద్రక్క. ఆండాళమ్మకు తోబుట్టువంటూ మిగిలింది ఆమె ఒక్కతే. భర్త పోయి చాలాకాలమైంది. మోకాళ్ళు వంగవు, బస్సు మెట్టు ఎక్కలేదు. నెలకోసారి చెల్లెలు వచ్చి కుంకుడుకాయ రసంతో తలంటి, జడ వేసి, ఆ అంబాసిడర్ వెనక సీటులో కాళ్ళు చాపి కూర్చోబెడితే, డాక్టరు దగ్గరికి పోయి, దారిలో ఆగి ఒక చెరుకు రసం తాగి వస్తుంది. నెలలో సుభద్రక్క గడప దాటేది ఆ ఒక్కరోజే. మిగతా రోజులన్నీ ఆమె ఆ రోజు గురించే మాట్లాడుతుంది.

అదే ఆఖరు ప్రయాణమని ఆ శనివారం ఆండాళమ్మకు తెలుసు. కొడుకు అనిల్‌కుమార్ ముందురోజే చెప్పాడు. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర దాబా నడిపే నరేంద్రకు బండి ఇచ్చేస్తున్నారు. నడపటానికి కాదు. ఇంజను తీసేసి, రంగు వేసి, దాబా ముందు సిమెంటు దిమ్మె మీద నిలబెడతాడట. వచ్చినవాళ్ళు అందులో కూర్చుని ఫోటోలు దిగుతారట. సోమవారం వచ్చి తీసుకుపోతాడు.

"మరి అక్క దగ్గరికి?" అంది ఆండాళమ్మ.

"నా కారుంది కదమ్మా."

"అంత ఎత్తు కారు సుభద్ర పెద్దమ్మ ఎక్కలేదురా. నీకూ తీరిక ఉండదు. మీ నాన్నకి నీ కారు తోలటం రాదు."

"రోజూ వీడియో కాల్ చేసుకోండి ఇద్దరూ. ఎవరు కాదన్నారు?"

వీడియోలో తలంటు పొయ్యటం ఎట్లారా అనుకుంది. అనలేదు. అనకుండా మింగిన మాటలు లోపల ఏ మూల పేరుకుంటాయో ఆమెకు తెలియదు. చాలానే ఉండాలి.

ఆ శనివారం కూడా బండి ఆగింది. నందిగామ రెండు కిలోమీటర్లు ఉందనగా, ఒకసారి దగ్గి, రెండుసార్లు జర్కు ఇచ్చి, ఆగిపోయింది. కుటుంబరావు వెనక్కి తిరగనైనా తిరగకుండా, "దిగు, తొయ్యి" అన్నాడు. పక్కన లారీలు దూసుకుపోతున్నాయి. కాస్త ముందు రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఒకటి కనపడింది. ఆండాళమ్మ చీర కుచ్చిళ్ళు దోపి, డిక్కీ మీద రెండు చేతులూ ఆనించి, షెడ్డు దాకా తోసింది. అక్కడికి చేరేసరికి గుండె చప్పుడు చెవుల్లో వినపడుతోంది.

షెడ్డు మెకానిక్ బెన్నిది. డెబ్బై దాటిన మనిషి. చొక్కా మీద గ్రీజు, చెవి మీద సగం కాలిన బీడీ. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఏం చేస్తది?"

"పంపు వేడెక్కుద్దయ్యా" అన్నాడు కుటుంబరావు. "తడిగుడ్డ వేస్తే అరగంటకి కదులుద్ది. పేటలో రెండు పంపులు మార్పించా, కార్బురేటర్ మూడుసార్లు కడిగించా. దీని రాత అంతే." అంటూనే అలవాటు చొప్పున పుల్ల తీసుకుని వెనక పెట్రోలు ట్యాంకు మూత వైపు నడిచాడు. బండిలో పెట్రోలు చూపించే ముల్లు ఏనాడో చచ్చిపోయింది. ఎక్కడ ఆగినా ఆయన పుల్ల పెట్టి పెట్రోలు ఎంతుందో చూస్తాడు.

"ఆగండి శెట్టిగారూ. ఏదీ ముట్టుకోమాకండి" అన్నాడు బెన్ని. "నడిచే బండికి జబ్బు కనపడదు. ఆగినప్పుడే చూడాల."

పంపు నుంచి కార్బురేటర్‌కు పోయే గొట్టం ఊడదీసి, దాని కొస ఖాళీ నీళ్ళ సీసాలో పెట్టాడు. కుటుంబరావుని సెల్ఫ్ కొట్టమన్నాడు. ఇంజను గిర్రున తిరిగింది. సీసాలో రెండు చుక్కలు పడ్డాయి, అంతే.

"పెట్రోలు ఇక్కడిదాకా రావట్లా" అన్నాడు బెన్ని. తల ఎత్తి, "ఎనక కూర్చునేదెవురు?" అని అడిగాడు.

"మా ఆవిడ. ఆవిడకేం తెలుసయ్యా, నన్నడుగు."

"తోలేవోళ్ళకి రోడ్డు కనపడుద్ది శెట్టిగారూ. బండి ఇనపడేది ఎనకోళ్ళకి."

కుటుంబరావు ఏదో అనబోయాడు. ఇంతలో ఫోను మోగింది. "ఆ నరేంద్రా, చెప్పు" అంటూ రోడ్డు అవతల టీ కొట్టు వైపు వెళ్ళిపోయాడు.

బెన్ని ఒక పాత టైరు మీద కూర్చున్నాడు. ఇంకో స్టూలు తుడిచి ఆమె వైపు జరిపాడు. "చెప్పండమ్మా" అన్నాడు. అని ఊరుకున్నాడు.

నాకేం తెలీదండి అనే మాట ఆండాళమ్మ నాలుక మీదికి వచ్చింది. ఎవరు ఏది అడిగినా ముందు వచ్చే మాట అదే. కొట్లో ఏ సరుకు ఎప్పుడు పురుగు పడుతుందో తెలిసినా, ఏ డబ్బా నూనె కల్తీయో వాసనతో తెలిసినా, మగవాళ్ళు అడిగితే నాకేం తెలీదు అనటం ఆమెకు నేర్పకుండానే వచ్చింది. అడిగేవాళ్ళు కూడా ఆ జవాబు కోసమే అడుగుతారు, అది రాగానే ముందుకు పోతారు. ఈ ముసలాయన పోలేదు. బీడీ కూడా వెలిగించుకోలేదు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, వానకోసం చూసేవాడిలా చూస్తూ కూర్చున్నాడు. ఒక మనిషి తన మాట కోసం ఇంతసేపు ఆగటం ఆమెకు గుర్తున్నంతలో ఇదే మొదలు. కన్నతండ్రి ఆగలేదు, కట్టుకున్నవాడు ఆగలేదు, కన్నకొడుకు ఆగడు. స్టూలు మీద కూర్చుంది.

"ఎండకీ దీనికీ సంబంధం లేదండి" అంది. "జనవరిలో మంచు పడుతున్నప్పుడు కూడా ఈ నందిగామ దగ్గరికి వచ్చే ఆగింది. ఎండాకాలంలోనూ అంతే. మళ్ళీ కదిలితే కీసర దగ్గర ఆగుతుంది. ఎప్పుడూ అంతే దూరం. ఊళ్ళో దగ్గర దగ్గర తిరిగితే ఆగదు."

"ఊఁ."

"తడిగుడ్డ వల్ల కదులుతుందనుకుంటారు ఆయన. కానీ అంతకుముందు పుల్ల పెట్టటానికి మూత తీస్తారండి. తీసినప్పుడు సుయ్యిమని ఒక చప్పుడు వస్తుంది. లోపలికి గాలి పీల్చుకున్నట్టు. పోయిన శ్రావణంలో పెద్ద వాన. మూత తీయలేదు, గుడ్డ ఒక్కటే వేశారు. ఆ రోజు గంటన్నర కదల్లేదు. తర్వాత మూత తీశారు, కదిలింది."

"ఆ సప్పుడు మీరెట్టా ఇన్నారు? శెట్టిగారు ఇనలా?"

"ఆయన తీస్తూనే రోడ్డు వంక చూస్తూ ఎవర్నో తిడుతుంటారు. నేను అక్కడే ఉంటానుగా. తొయ్యటానికి."

బెన్ని పెదవి కొస కదిలింది.

ఆండాళమ్మకు కొంచెం ధైర్యం వచ్చింది. "మేం నూనె డబ్బాలు వంచుతామండి. డబ్బాకి ఒక్క బెజ్జమే పెడితే నూనె రాదు. గుడగుడమని నాలుగు గుక్కలు పోసి ఆగిపోతుంది. ఎదురుగా ఇంకో బెజ్జం కొట్టాలి, గాలి పోవటానికి. నాకెందుకో... ఇది కూడా గుక్క పట్టిందేమో అని. చంటిపిల్లలు ఏడ్చి ఏడ్చి గుక్కపడతారు చూడండి, అట్లా."

బెన్ని లేచాడు. వెనక ట్యాంకు మూత దగ్గరికి నడిచి, పక్కకు తప్పుకున్నాడు. "మీరే తీయండి" అన్నాడు.

ఆమె తీసింది. సుయ్యిమంది. ఇద్దరూ విన్నారు.

"ఇప్పుడు తాళం తిప్పండి. గేరులో లేదులే, బయపడమాకండి."

ఆండాళమ్మ డ్రైవరు తలుపు తీసుకుని స్టీరింగు ముందు కూర్చుంది. సీటు ఆ వైపు గుంట పడి ఉంది, కుటుంబరావు ఒళ్ళు మోసి మోసి. తాళం తిప్పింది. చేతి కిందనే బండి వణికింది. బానెట్ అవతల నుంచి బెన్ని గొంతు వినపడింది. "వస్తంది! కొట్టండి, కొట్టండి!" దిగి వెళ్ళి చూస్తే సీసాలో మూడు వేళ్ళ మందం పెట్రోలు.

పంపుకు ఏ రోగమూ లేదు. ట్యాంకులో పెట్రోలు తగ్గేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి పోవాలి. పోయే దారి మూతలో ఉండాలి. బెన్ని మూతను గుడ్డతో తుడిచి ఎండకు పెట్టి చూశాడు. నడిమధ్యలో చీమ దూరేంత బెజ్జం ఆనవాలు ఉంది, పూడిపోయి ఉంది. సన్నటి తీగ కోసం వెతకబోతుంటే ఆండాళమ్మ గాజుకు తగిలించుకున్న పిన్నీసు తీసి ఇచ్చింది. ఆయన తీసుకోలేదు. మూతనే ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె పొడిచింది. నల్లటి పెచ్చు లేచింది. దాని కింద ఎర్రటి పొర. దాని కింద ఇంకా పొడిస్తే, గట్టిపడిన పసుపుపచ్చ ముద్ద ఒకటి గోటి మీద పడింది. వాసన చూడనక్కర్లేకపోయింది. తను నలిపి కలిపిన పసుపు తనకు తెలియదా.

ఏటేటా దసరాకు బండికి పూజ. మగవాళ్ళు కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ఫోటోలు దిగుతారు. పసుపు రాసి బొట్లు పెట్టటం కోడలి పని. "ఏ మూతనీ వదలమాకు. బొట్టు లేనిచోట దిష్టి దూరుద్ది" అనేది అత్తగారు. తలుపులకు, డిక్కీకి, బానెట్‌కు, పెట్రోలు మూతకు, సరిగ్గా నడిమధ్యన, చిక్కటి పసుపు, దాని మీద కుంకుమ. తెల్లారి కుటుంబరావు పైపైన తుడిచేవాడు. బెజ్జంలోది బెజ్జంలోనే ఉండిపోయేది. ముప్పై ఎనిమిది దసరాలు. ఈ ఇంట్లో ఆమె పెట్టిన బొట్టు ఎప్పుడూ పక్కకు జరగలేదు. అంత శ్రద్ధగా పెట్టింది.

గోటి మీది పసుపును చూస్తూ నిలబడిపోయింది. చూశావా, నీ వల్లే. ఆ మాట కుటుంబరావు గొంతులో, వెనకాలే అత్తగారి గొంతులో, ఆయన టీ తాగి రాకముందే ఆమెకు వినపడింది.

బెన్ని ఆమె గోటి వంక చూశాడు, మొహం వంక చూశాడు. ఆయన ఇంట్లో దసరా లేకపోయినా, ఈ రోడ్డు మీద యాభై ఏళ్ళుగా బండ్లు బాగుచేస్తున్నాడు. ఆయనకు అర్థమైంది.

"దుమ్మనుకుందాం అమ్మగారూ" అన్నాడు మెల్లిగా.

ఆమె మూతను పెట్రోలులో ముంచి, బెజ్జం అవతలి వెలుతురు కనపడేదాకా పిన్నీసుతో తిప్పుతూనే ఉంది. కాసేపటికి, "మీరు నన్నెందుకు అడిగారు?" అంది.

బెన్ని చెవి మీది బీడీ తీసి, చూసి, మళ్ళీ అక్కడే పెట్టుకున్నాడు.

"నాకూ ఒకావిడ ఉండేది. జెరూషా. లారీ తోలేటప్పుడు పక్కన కూర్చునేది. ఒకనాడు, ఏదో కాలతన్న వాసన వస్తంది, ఆపు అంది. ఆడోళ్ళకి అన్నీ వాసనలే అన్నా. ఆపలా."

అంతవరకే చెప్పాడు. ఆమె అంతవరకే విన్నది. షెడ్డు మీది రేకులు ఎండకు టిక్కుమన్నాయి.

జెరూషా అనే ఆడమనిషిని ఆండాళమ్మ ఎన్నడూ చూడలేదు. ఆమె ఎట్లా ఉండేదో, ఏ కూర బాగా వండేదో, మొగుణ్ణి ఏమని పిలిచేదో తెలియదు. కానీ ఆమె చెప్పి, ఇతను వినని ఆ ఒక్కమాట వల్ల, ఇన్నేళ్ళకు ఎక్కడిదో ఒక కోమటింటి కోడలి మాట వినటానికి ఒక మనిషి స్టూలు తుడిచి కూర్చున్నాడు. విన్నాడు. ఇప్పుడు కప్పిపుచ్చటానికి దుమ్మును కూడా తెచ్చి చేతిలో పెట్టాడు. ఆండాళమ్మ మనసులోనే ఇద్దరికీ దణ్ణం పెట్టుకుంది. గుళ్ళో పెట్టే దణ్ణంలో ఏదో ఒకటి అడుగుతాం. ఇందులో అడగటానికి ఏమీ లేదు. దుమ్ము అనేస్తే ఎంత హాయి. ఎవరూ ఏమీ అనరు. కానీ దుమ్మంటే దానంతట అది వచ్చి కూర్చున్నది, దాన్ని కనిపెట్టిందీ ఎవరూ ఉండరు. వాసన చెప్పినావిడ మాట పోయినట్టే తన మాటా పోతుంది. పసుపని చెబితేనే అది తను చూసి, తీసి, తెలుసుకున్నదవుతుంది. తప్పు తనదే కావచ్చు. తప్పు తనది కాకపోతే తెలివి కూడా తనది కాకుండా పోతుందని ఆమెకు అప్పుడు అనిపించింది.

కుటుంబరావు హడావిడిగా రోడ్డు దాటి వచ్చాడు. ఫోను బానెట్ మీద పడేశాడు.

"అయిపోయిందే గొడవ. మళ్ళీ ఆగిందని చెప్పా. సోమవారం దాకా ఎందుకు, లారీ పంపిస్తా, నందిగామ నించే ఎక్కించుకుపోతా అన్నాడు నరేంద్ర. మనం ఆటోలో బస్టాండుకి పోయి ఇంటికి పోదాం. మీ అక్కకి ఫోన్ చేసి చెప్పు. ఏమయ్యా, ఏం తేలింది?"

బెన్ని ఆమె వంక చూశాడు.

"పంపు బాగానే ఉందండీ" అంది ఆండాళమ్మ. "మూతలో బెజ్జం పూడింది. గాలి లోపలికి పోక పెట్రోలు రావటం లేదు. ఇదుగో." గోటి మీది ముద్ద చూపించింది. "పసుపు. దసరాకి నేను పెట్టిందే."

కుటుంబరావు ఒంగి చూశాడు. ఒక్క నిమిషం అర్థం కాలేదు. అర్థమవగానే మొహం వెలిగిపోయింది.

"చూశావా! నేను చెప్తానే ఉన్నానా? నీ వల్లే! మూడేళ్ళుగా నెత్తీనోరూ కొట్టుకుంటన్నా, నీ వల్లే ఆగుద్దని!"

వస్తుందనుకున్న మాటే వచ్చింది. కానీ ఆమెను దాటి పోయింది. ముందుగా తనే చెప్పిన మాటలో గుచ్చుకునేది ఏముంటుంది.

"నా వల్లేనండి" అంది. "నా చేతి వల్ల. పూడ్చిందీ నా చెయ్యే, తీసిందీ నా చెయ్యే. కాలు కాదు."

బెన్ని ఫక్కున నవ్వాడు. నవ్వు అలవాటు తప్పిన మనిషేమో, దగ్గు వచ్చింది. కుటుంబరావు మూతను ఆమె చేతిలోంచి తీసుకుని, బెజ్జంలోంచి ఊదాడు. అవతల గాలి తగిలిందేమో అని అరచెయ్యి అడ్డం పెట్టి, మళ్ళీ ఊదాడు.

"అయితే ఆ రెండు పంపులూ..." అన్నాడు.

"బానే ఉండుంటాయి" అన్నాడు బెన్ని.

గొట్టం బిగించారు. మూత పెట్టారు. బెన్ని తనే తాళం తిప్పితే బండి ఒక్క దెబ్బకు అందుకుంది, దగ్గకుండా, నిలకడగా. కుటుంబరావు ఇంకా మూత దగ్గరే నిలబడి, దాన్ని వేలితో తడుముతూ, తనలో తను ఏదో గొణుక్కుంటున్నాడు. ఆయన్ని చూస్తే ఆమెకు జాలి వేసింది. మూడేళ్ళుగా ఆయన కూడా తెలియని దాని మీద తడిగుడ్డలు వేస్తూ వచ్చాడు పాపం.

బానెట్ మీద ఫోను మోగింది. గరికపాడు నరేంద్ర అని వెలుగుతోంది. కుటుంబరావు తలెత్తాడు కానీ కదల్లేదు. ఆండాళమ్మ చేతులకు అంటిన పెట్రోలు పమిటకు తుడుచుకుని, ఫోను తీసుకుంది.

"శెట్టిగారూ, లారీ బయల్దేరతంది. నందిగామలో ఎక్కడికి రమ్మంటరు?"

"పంపకండి" అంది ఆండాళమ్మ. "బండి ఇవ్వటం లేదు. మేం మైలవరం పోవాలి."

కుటుంబరావు నోరు తెరిచాడు. నడుస్తున్న ఇంజను చప్పుడు కాసేపు విన్నాడు. మూసుకున్నాడు.

"అదేందమ్మా, ఇప్పుడేగా శెట్టిగారు నడవదన్నరు? ఇంతకీ ఎవరు మాట్లాడేది?"

ఫోను ఎత్తిన ప్రతిసారీ ఈ ప్రశ్న ఉండేదే. కుటుంబరావుగారి ఇంట్లోవాళ్ళం అనేది ఆమె. అనిల్ వాళ్ళమ్మని అనేది. ఈ రెండు జవాబులతోనే ముప్పై ఎనిమిదేళ్ళు గడిచాయి. రెండూ అబద్ధాలు కావు. ఈరోజుకు మాత్రం రెండూ చాలవనిపించింది.

"బండి బాగుచేసినదాన్ని" అంది.